బనీనుకి అంటిన రంగు

మా ఇంట్లో పాత బనీను ఇల్లు తుడిచే గుడ్డగా మారిన రోజు లేదు, అవన్నీ కారుకే. నాన్న బనీను చంక దగ్గర చిరిగిందంటే చాలు, అమ్మ చేతికి చిక్కేలోపే ఆయన దాన్ని పట్టుకెళ్ళి డిక్కీలో కుక్కేసేవారు. ఆదివారం పొద్దున్న పాలిష్ అయ్యాక వాటిని ఉతికి దండెం మీద ఆరేస్తే వరసగా అన్నీ లేత నీలం. పక్కింటి పిన్నిగారు ఒకసారి అమ్మని అడిగేసింది కూడా, "ఏంటొదినా బట్టలకి నీలిమందు ఇంత దట్టంగా పెడతావు" అని. అమ్మ సిగ్గుపడి "అది నీలిమందు కాదు వదినా, ఈయన కారు" అంది, ఆ మాటకి ఆవిడకేం అర్థమైందో ఇప్పటికీ నాకు తెలీదు.

మాది తెనాలి. నాన్నకి ఎరువుల కొట్టు ఉండేది. 1987లో ఆయన ఒక సెకండ్ హ్యాండ్ అంబాసిడర్ కొన్నారు, 1984 మోడల్, మార్క్ 4. అప్పటికే ఊళ్ళో మారుతీలు కనబడుతున్నాయి, బాబాయిలందరూ "అన్నయ్యా అది తీసుకో, మైలేజీ వస్తుంది" అని పోరారు గానీ ఈయన వినలేదు. "మనం అయిదుగురం, అమ్మ, రెండు బస్తాలు, అందులో ఎక్కడ పడతాం రా" అన్నారు. అమ్మ అంటే మా నాయనమ్మ. ఆవిడ కారెక్కితే కాళ్ళు ముడుచుకుని బాసిపట్లు వేసుకుని కూర్చునేది, అది అంబాసిడర్‌లో తప్ప ఇంకో కారులో కుదరదు.

రంగు లేత నీలం. ఆకాశం రంగు అని అందరూ అనేవాళ్ళు గానీ ఆకాశం కాదు, స్కూల్ యూనిఫాం చొక్కా పదిసార్లు ఉతికితే వచ్చే నీలం. అసలు విషయం ఏంటంటే ఆ కాలపు కార్లకి రంగు మీద ఇప్పట్లా క్లియర్ కోట్ ఉండదు. ఇప్పుడు కొనే కార్లకి కింద రంగు, దాని మీద అద్దం లాంటి ఇంకో పొర వేస్తారు, మనం తుడిచేది, రుద్దేది, గీతలు పడేది అంతా ఆ పై పొరకే, రంగు దాని కింద హాయిగా ఉంటుంది. అంబాసిడర్లకి, ప్రీమియర్ పద్మిని కార్లకి అదేం లేదు, రంగే పైన. ఎండ తగిలేదీ దానికే, వాన తగిలేదీ దానికే, నాన్న బనీను తగిలేదీ దానికే. అందుకే గుడ్డకి రంగు అంటుతుంది. పాత కారు కొనేటప్పుడు ఇప్పటికీ ఇదే పరీక్ష, తెల్ల గుడ్డ మీద కాస్త పాలిష్ వేసి ఎక్కడో కనబడని చోట, డిక్కీ తలుపు లోపలి అంచు మీద రుద్ది చూడాలి, గుడ్డకి కారు రంగు వచ్చిందంటే పైన పొర లేదని.

దీని గురించి నాకు తెలిసిందంతా మొదట నేర్పింది నాన్న కాదు, నాన్నకి నేర్పిన భాయ్, కార్లకి రంగులు కొట్టే పెయింటర్. బెజవాడ ఆటోనగర్‌లో ఒక చిన్న షెడ్డు ఆయనది, లారీ బాడీలు కట్టే చోట్ల మధ్యలో, సుత్తి చప్పుళ్ళకి మాట వినబడక అందరూ అరుచుకుంటూ మాట్లాడుకునే సందులో. 1991లో మా కారుని తీసుకెళ్ళి ఆయనకి అప్పజెప్పాం, పాత రంగు అప్పటికి సుద్ద సుద్దగా అయిపోయింది, చేత్తో రాస్తే అరచేతికి నీలం పొడి వచ్చేది. నేను అప్పుడు ఎనిమిదో క్లాసు, నాన్న వెంట తోకలాగా వెళ్ళాను. భాయ్ బానెట్ మీద వేలు పెట్టి గీసి, ఆ పొడి నాకు చూపించి, "ఇది దుమ్ము కాదు బాబూ, చచ్చిపోయిన రంగు" అన్నాడు. ఎండ రంగుని పట్టుకునే జిగురుని తినేస్తుంది, జిగురు పోయాక రంగు పొడి ఒక్కటే మిగుల్తుంది, అదే ఈ సుద్ద. ఎర్ర కార్లైతే ఇంకా తొందరగా పోతాయి, ఎర్ర రంగు పాలిపోయి గులాబీ అయిపోయిన పద్మినిలు మీరూ చూసే ఉంటారు. తెలుపు మీద ఈ రోగం ఉన్నా కంటికి ఆనదు.

ఆయన వేసింది ఎన్.సి. పెయింట్, నైట్రో సెల్యులోజ్ లాకర్, షెడ్డులో అందరూ డ్యూకో అనేవాళ్ళు. చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది డ్యూకో అనేది అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ 1920ల్లో తెచ్చిన బ్రాండ్ పేరని, అంతకుముందు ఒక కారుకి రంగు వేసి ఆరబెట్టడానికి వారాలు పట్టేదట, ఇది గంటల్లో ఆరిపోయేది, మొదట వేసింది ఓక్లాండ్ అనే కార్లకి 1924 మోడల్‌లో, అదీ నీలం రంగే. ఈ ముక్క నాన్నకి చెప్పినప్పుడు ఆయన మొహం చూడాలి, మన కారుకి అమెరికాలో చుట్టాలున్నారన్నంత సంబరం.

పాత రంగు అంతా గీకారు, రెడ్ ఆక్సైడ్ కొట్టారు, సొట్టలున్న చోట లప్పం, దాని మీద సర్ఫేసర్ అనే బూడిద రంగు అడుగు పూత, మధ్య మధ్యలో నీళ్ళు పోస్తూ వాటర్ పేపర్‌తో రుద్దడం, ఆ రుద్దే కుర్రాడు నా వయసువాడే, వాడి వేళ్ళు నీళ్ళలో నాని బటాణీల్లా ముడతలు పడి ఉండేవి. రంగు రోజున వాన. వినాయక చవితి వెళ్ళిన తర్వాతి వారాలు కదా, ముసురు. భాయ్ వద్దన్నాడు, నాన్నే "దసరాకి కారు కావాలి భాయ్" అని తొందరపెట్టారు. సరేనని రంగు కొట్టే గన్ను పట్టాడు. రెండు డోర్లు కొట్టేసరికి నీలం మీద పాల మీగడ లాంటి తెల్ల పొర కమ్మేసింది. నాకు గుండె ఆగిపోయినంత పనైంది. భాయ్ మాత్రం గన్ను పక్కన పెట్టి బీడీ ముట్టించడానికి బయటికి పోయాడు (రంగుని పల్చన చేసే థిన్నర్ ఉన్న చోట ముట్టించడు, ఆ మాత్రం భయం ఉంది), వచ్చి నాన్నతో, "సాబ్, గాలిలో నీళ్ళున్నాయి, థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు రేకు చల్లబడి ఆ నీళ్ళు రంగులో కూర్చున్నాయి, ఎండ రానీయండి" అన్నాడు. ఎండ మూడు రోజులకి వచ్చింది. నెమ్మదిగా ఆరే థిన్నర్ పల్చగా పట్టించాడు, ఆ తెలుపంతా మంచులాగా కరిగి కిందనుంచి నీలం తేలింది. నా జీవితంలో నేను చూసిన మాయాజాలం అదొక్కటే, పీసీ సర్కార్ షోలు ఏవీ దాని ముందు లెక్కలేదు.

కారు ఇచ్చేటప్పుడు భాయ్ చెప్పినవి నాన్న ఎరువుల కొట్టు డైరీలో రాసుకున్నారు, ఆ పేజీ ఇప్పటికీ ఉంది. నెలన్నర దాకా వాక్స్, అంటే మెరుపు మైనం, పెట్టొద్దు, లోపల మిగిలిన థిన్నర్ బయటికి పోవాలి. సబ్బు పొడి వాడొద్దు. కిరసనాయిలు గుడ్డతో తుడవొద్దు, డీజిల్ అసలే వద్దు. ఇది ఎందుకు రాయించాడంటే అప్పట్లో టాక్సీ డ్రైవర్లందరూ అదే చేసేవాళ్ళు, పొద్దున్నే కాస్త కిరసనాయిలు గుడ్డకి అద్ది కారంతా తుడిస్తే కొత్త పెళ్ళికూతురిలా మెరిసేది, సాయంత్రానికి రోడ్డు మీది దుమ్మంతా దానికి అంటుకుని, మర్నాడు ఆ దుమ్ముతో సహా మళ్ళీ రుద్దుడు. అది తుడవడం కాదు, గరుకు కాగితం పెట్టి గీకడమే. పెట్రోల్ చుక్క పడితే వెంటనే నీళ్ళు పోయమన్నాడు, ఎందుకంటే ఈ రంగు ఎన్నేళ్ళైనా గట్టిపడి రాయి అయిపోదు, థిన్నర్ తగిలితే ఇరవై ఏళ్ళ తర్వాత కూడా కరిగిపోతుంది. మా కారు పెట్రోల్ మూత కింద ఒక సన్న చార ఉంది, ఒక బంకులో కుర్రాడు పొంగించి పోసినప్పుడు పడింది, నాన్న గుడ్డ పట్టుకుని దిగేలోపే దిగిపోయింది.

ఇక నెలన్నర వాక్స్ వద్దన్నాడా, ఆ నెలన్నరలోనే దసరా వచ్చింది.

ఆయుధ పూజ నాడు అమ్మ పళ్ళెం పట్టుకొచ్చింది. పసుపు నీళ్ళతో కలిపి, బానెట్ మధ్యలో అరచేతంత బొట్టు, దాని మధ్యలో కుంకం. నాన్న నోరు తెరిచి మూసేశారు, పండగ పూట ఏమంటారు, పైగా నాయనమ్మ పక్కనే ఉంది. చక్రాల కింద నిమ్మకాయలు, గుమ్మడికాయ దిష్టి, కొబ్బరికాయ కొట్టింది ముందు బంపర్‌కి ఆనించి, ఆ నీళ్ళు గ్రిల్ మీద. మూడో రోజు తుడిస్తే కుంకం పోయింది, పసుపు పోలేదు. ఒట్టి రంగు కదా, అదీ పచ్చిగా ఉంది, పీల్చేసుకుంది. నీలం మీద పసుపు కలిస్తే ఏమవుతుందో డ్రాయింగ్ క్లాసులో చెప్తారుగా, బానెట్ మధ్యలో లేత ఆకుపచ్చ చందమామ. నాన్న బెజవాడ వెళ్ళి భాయ్‌కి చెప్తే పడీ పడీ నవ్వాడట. "ఏమీ చేయకండి సాబ్, ఎండలో వదిలేయండి, పసుపు ఎండకి నిలవదు" అన్నాడు. నిజంగానే సంక్రాంతికల్లా చాలావరకు వెలిసిపోయింది. ఏ ఎండనైతే కారు రంగుకి శత్రువని చెప్పాడో ఆ ఎండలోనే పెట్టించాడు.

ఆ మరుసటేడు నుంచి నాన్న ఒక దొంగపని మొదలుపెట్టారు. మహర్నవమి ముందు రోజు రాత్రి అందరూ పడుకున్నాక టార్చి లైటు పట్టుకుని వెళ్ళి, బానెట్ మధ్యలో ఆ అరచేతంత చోట మాత్రం రెండు పూతలు వాక్స్ పెట్టేవారు. నేను టార్చి పట్టేవాణ్ణి, అమ్మకి చెప్పకూడదని ఒట్టు. పొద్దున అమ్మ బొట్టు పెడితే అది జారిపోయేది, పూసలు పూసలుగా విడిపోయేది, ఎంత నొక్కినా అంటేది కాదు. "ఈ కారుకి బొట్టు నిలవదేంటండీ" అని ఏటా అమ్మ అడగడం, "గాలి ఎక్కువగా ఉంది మరి" అని ఏటా నాన్న చెప్పడం. అద్దానికి పెట్టుకోమని ఒకసారి సలహా ఇచ్చారు గానీ, అద్దానికి బొట్టేంటి అని అమ్మ ఒప్పుకోలేదు.

వారం వారం ఆదివారం తతంగం ఇలా ఉండేది. ముందు రోజు రాత్రే కుంకుడుకాయలు నానబెట్టేవారు, మా తలలకి సగం, కారుకి సగం. సబ్బు పొడి అయితే ఉన్న వాక్సూ, రంగులో ఉన్న కాస్త జిడ్డూ లాగేస్తుంది, కుంకుడు మెత్తన. నీళ్ళు కుళాయివి, బోరువి కాదు, మా వైపు బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, ఎండలో కారు మీద ఆరిపోయాయంటే తెల్ల మచ్చలు గుండ్రంగా, అవి పోవాలంటే మళ్ళీ రుద్దాలి, రుద్దడం అంటే నాన్నకి పడేది కాదు. అందుకే ఎండెక్కక ముందే ఏడింటిలోపు అయిపోవాలి, రేకు చేతికి చల్లగా తగలాలి. నీళ్ళు పైనుంచి కిందకి, గుడ్డ ముందు నుంచి వెనక్కి, గుండ్రంగా తిప్పావంటే మొట్టికాయ. చక్రాల గుడ్డ వేరు, అది పొరపాటున బకెట్లో పడితే బకెట్ నీళ్ళన్నీ పారబోసి మళ్ళీ నింపాల్సిందే.

పాలిష్ మాత్రం వారం వారం కాదు, మూడు నెలలకోసారి. దానికి ముందు ఆయన చేసే పని ఒకటి నాకు అప్పట్లో వింతగా ఉండేది, చిన్న సీసాలో ఒక తెల్లటి జిడ్డు క్రీము లాంటి పాలిష్ ఉండేది, అది బనీనుతో పట్టించి తుడవకుండా వదిలేసేవారు, గంట, రెండు గంటలు. "తాగనీ" అనేవారు. తలకి నూనె పెట్టి నాననిచ్చినట్టు. ఎండిపోయిన చోట, అంటే పైకప్పు మీద, బానెట్ మీద ఇట్టే పీల్చేసుకునేది, డోర్ల మీద అలాగే మిగిలిపోయేది, దాన్ని బట్టి ఏ భాగం ఎంత ఎండిందో చెప్పేవారు. తర్వాత వాక్స్, పల్చగా, ఎంత పల్చగా అంటే పెట్టినట్టే కనబడకూడదు.

కాకి రెట్ట సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మా ఇంటి ముందు వేపచెట్టు, కారుకి వేరే చోటు లేదు. చెట్టు నీడ మంచిదే గానీ పైనుంచి జిగురు కారుతుంది, పూత రాలుతుంది, కాకులు ఉంటాయి. రెట్ట పడి ఒక మధ్యాహ్నం ఎండలో ఉందంటే దాని ఆకారం రంగులో దిగిపోతుంది, అందులో పులుపు ఉంటుంది మరి, ఎండకి రంగు కాస్త మెత్తబడి ఉంటుంది. గోటితో గీకితే చచ్చామే. తడిగుడ్డ దాని మీద వేసి పది నిమిషాలు ఆగాలి, నానాక పైకి ఎత్తాలి, పక్కకి లాగకూడదు. మా అక్క ఈ డ్యూటీ చేసేది, దానికి రోజూ పావలా. మా అక్కకి ఇప్పుడు యాభై దాటాయి, ఇప్పటికీ వాళ్ళ కొత్త కారు మీద రెట్ట పడితే తడిగుడ్డ వేసి వాచీ చూసుకుంటుంది.

పెళ్ళిళ్ళకి కారు అడిగితే ఇచ్చేవారు, కాదనలేరు, కానీ షరతులు. సెల్లో టేపు వేయకూడదు, గమ్ము పెట్టి థర్మాకోల్ అక్షరాలు అంటించకూడదు, పూలదండలు దారంతో బంపర్లకి కట్టుకోవాలి. మా పెదనాన్న కూతురి పెళ్ళిలో ఎవరో తెలీక వెనకాల టేపు అంటించారు, పీకితే గోరంత రంగు టేపుతో వచ్చేసింది. నాన్న భోజనం చేయకుండా వచ్చేశారని ఒక వర్గం, కాదు తిన్నారు గానీ తాంబూలం తీసుకోలేదని ఇంకో వర్గం, ఇప్పటికీ తేలలేదు.

ఇంక నేను చేసిన ఘనకార్యం. 1995 ఎండాకాలం, ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలైపోయాయి. నాన్న ఏదో పని మీద రెండు రోజులు ఊరెళ్ళారు. నాకేమో ఆటోనగర్‌లో చూసిన మెరుపు కావాలి, పల్చగా పెట్టి తాగనిచ్చే ఓపిక లేదు. డబ్బులు కూడబెట్టి ఒక డబ్బా రబ్బింగ్ కాంపౌండ్ తెచ్చా, రంగుని అరగదీసి మెరిపించే ముద్ద, గరుకుది, ఇటుక పొడి రంగులో ఉంటుంది, మెత్తది వేరే ఉంటుందని తెలీదు నాకు. పట్టుకుని బానెట్ మీద మొదలుపెట్టా. ఏమన్నా మెరిసిందా! గుడ్డ నిండా నీలం, కింద అద్దం, నా మొహం కనబడుతోంది, ఇంకా రుద్దు ఇంకా రుద్దు. బానెట్ ముందు అంచు దగ్గర, వంపు తిరిగే చోట, ఉన్నట్టుండి నీలంలో ఒక బూడిద రంగు మచ్చ కనబడింది. మురికేమో అనుకుని ఇంకాస్త రుద్దా. మచ్చ పెద్దదైంది. అప్పుడు అర్థమైంది అది మురికి కాదు, సర్ఫేసర్ అని, పైన రంగు ఇంక లేదని.

ఆ రెండు రోజులు నాకు అన్నం దిగలేదు. అమ్మ నీలి స్కెచ్ పెన్నుతో పూస్తే పోదా అంది పాపం. నాన్న వచ్చారు, సంచి అరుగు మీద పెట్టారు, ఆయన కన్ను ఎలాగూ ముందు దాని మీదే పడుతుంది. వంగి చూశారు. బొటనవేలు ఆ మచ్చ మీద పెట్టారు, సరిగ్గా బొటనవేలంతే ఉంది. కొడతారనుకున్నా. "దోసెకి అంచు పల్చన ఉంటుందా, మధ్య పల్చన ఉంటుందా" అన్నారు. అంచు, అన్నాను. "మరి రంగు గన్నుతో కొట్టేటప్పుడు అంచున నిలుస్తుందా రా" అన్నారు. అంతే, లోపలికెళ్ళి స్నానం చేసి కొట్టుకెళ్ళిపోయారు. కొడితే బావుండేదనిపించింది.

తర్వాత చూపించారు, అంచులకి ముందు కాగితం టేపు వేసి మధ్యలో రుద్దాలి, చివర్లో టేపు తీసి అంచుని చేత్తో రెండే రెండుసార్లు. భాయ్ వచ్చి మచ్చకి బ్రష్‌తో రంగు పెట్టాడు, కంటితో కలిపిన రంగు, నీడలో సరిపోయింది, ఎండలో ఒక పిసరు ముదురు. అది అలాగే ఉంది. తర్వాత ఎన్నిసార్లు సరిచేయించే వీలొచ్చినా నాన్న ముట్టుకోనివ్వలేదు.

ఆ కాలంలోనే మెటాలిక్ కార్లు వచ్చాయి, వెండి రంగువి, నాన్న స్నేహితుడొకాయన కొన్నాడు. దానికి పైన క్లియర్ కోట్, ఎంత తుడిచినా గుడ్డకి రంగు రాదు, నాన్న కాస్త చిన్నబుచ్చుకున్నారు కూడా. ఏడెనిమిదేళ్ళకి ఆ కారు పైకప్పు మీద ఆ పొర పాము కుబుసం విడిచినట్టు రేకులు రేకులుగా లేచింది. దాన్ని పాలిష్ ఏం చేయలేదు, గీకి మళ్ళీ వేయించాల్సిందే. మాది ఎంత సుద్ద పట్టినా కింద ఇంకా రంగు ఉన్నంతవరకు వెనక్కి తేవచ్చు, అదొక్కటే దీని గొప్ప. అలాగని కొత్త పద్ధతి చెడ్డదనను, నా సొంత కారుకి క్లియర్ కోటే ఉంది, నెలకోసారి కూడా చూడను దాని మొహం.

2014లో బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్లు చేయడం ఆపేశారని పేపర్లో వచ్చింది. నాన్న ఆ పేపర్ మడిచి డైరీలో పెట్టుకున్నారు. అప్పటికి ఆయన మోకాళ్ళు వంగట్లేదు, కారు షెడ్డులోనే, కవర్ కప్పి. ఆ కవర్ నేనే కొన్నా హైదరాబాద్ నుంచి, వాటర్‌ప్రూఫ్ అని గొప్పగా, అదే తప్పయింది. తడి లోపలే ఆగిపోయి పైకప్పు మీద చిన్న చిన్న బుడగలు లేచాయి, గాలికి కవర్ కొట్టుకున్న చోట్ల మడ్‌గార్డుల మీద గీతలు. ఆయన ఏమీ అనలేదు, బహుశా చూసి ఉండరు కూడా. 2016లో పోయారు.

ఏడాది దాకా నేను ఆ షెడ్డు తలుపు తీయలేదు. తీసేసరికి 1991 నాటి సుద్ద మళ్ళీ. హైదరాబాద్‌లో కారు డీటెయిలింగ్ చేసే ఒక కుర్రాణ్ణి పిలిపించా, మంచివాడే, మందం కొలిచే మీటరు తెచ్చాడు. డోర్ కింద లప్పం ఉన్న చోట అది నాలుగొందల మైక్రాన్లు దాటింది, బానెట్ మధ్యలో తొంభై, ముందు అంచు దగ్గర నలభై చూపించింది. నలభై అంటే ప్రింటర్ కాగితంలో సగం కూడా లేదు. "సర్, మెషీన్ పెడితే అంచులు పోతాయి, అంతా గీకి కొత్త పెయింట్ వేసి క్లియర్ కోట్ కొట్టి పైన సెరామిక్ పూత వేసేద్దాం, పదేళ్ళు చూడక్కర్లేదు" అన్నాడు. అంచుల గురించి వాడు చెప్పింది లెక్క ప్రకారం కరెక్టే. నేను కాఫీ ఇచ్చి పంపించేశా.

డల్లాస్‌లో ఉన్న మా బావమరిదికి పాత కార్ల పిచ్చి. వాడే చెప్పాడు, "బావా, ఇక్కడ పాత లాకర్ కార్లకి మెగైర్స్ నంబర్ 7 అని ఒక గ్లేజ్ వాడతారు, ఏమీ గీకదు, ఒట్టి నూనెలు, దట్టంగా పట్టించి రాత్రంతా వదిలేస్తారు" అని, సంక్రాంతికి వస్తూ పచ్చళ్ళు తీసుకెళ్ళే సూట్‌కేసులో రెండు సీసాలు తెచ్చాడు. మూత తీసి వాసన చూశా. నాన్న సీసాలో ఉన్నది ఇదే అని చెప్పలేను గానీ పని అదే, తాగనివ్వడం. టర్కీ టవల్ ముక్కతో పట్టించి రాత్రి వదిలేశా, పొద్దున్నకి బానెట్ మొత్తం పీల్చేసుకుంది, మళ్ళీ పెట్టా, మూడో రాత్రికి పైన నిలిచింది. తుడిస్తే కింద ముదురు నీలం. గరుకుది ఏదీ తగలకుండానే. పైకప్పు మీద బుడగలు మాత్రం పోవు, వాటికి మందు లేదు. ఆ మీద కార్నూబా వాక్స్, పల్చగా. ఒక జాగ్రత్త ఎవరైనా పాత కారు ఉన్నవాళ్ళకి చెప్తున్నా, డాష్‌బోర్డుకి కొట్టే సిలికాన్ స్ప్రేలు రంగు మీద పడనివ్వకండి, రేపెప్పుడైనా టచప్ చేయించాలంటే రంగు అక్కడ నిలవక చిన్న చిన్న గుంటలు పడుతుంది, పెయింటర్ మిమ్మల్ని తిట్టుకుంటాడు.

డిక్కీలో నాన్న బనీన్లు పదకొండు ఉన్నాయి. అవే వాడాను, మైక్రోఫైబర్ గుడ్డలు కొన్నా కూడా. ఇప్పటికి నాలుగు మిగిలాయి.

ఇప్పుడు మూడు నెలలకోసారి తెనాలి వెళ్తాను, పేరుకి అమ్మని చూడ్డానికి. వేపచెట్టు కొట్టేశారు, షెడ్డుకి రేకులు మార్పించా, కవర్ తీసి పారేసి పల్చటి నూలు దుప్పటి కప్పుతున్నా, అదీ దుమ్ము దులిపాకే. మొన్న దసరాకి ముందు రోజు రాత్రి అమ్మ పడుకుందని చూసుకుని ఫోన్ లైటు వేసుకుని వెళ్ళి బానెట్ మధ్యలో వాక్స్ పెట్టా, రెండు పూతలు. పొద్దున్న అమ్మ పళ్ళెం పట్టుకుని వచ్చింది, డెబ్బై ఎనిమిదేళ్ళు, చెయ్యి కొంచెం వణుకుతోంది. పసుపు పెట్టింది, జారింది. మళ్ళీ నొక్కింది, పూసలు కట్టింది. నేను ఇటు తిరిగి నిమ్మకాయలు సర్దుతున్నా.

"గాలి ఎక్కువగా ఉందా" అంది అమ్మ.

అవునన్నాను.

"మీ నాన్న టార్చి వెలుతురు మా గది కిటికీలోంచి కనబడేదిరా, ఇన్నేళ్ళూ" అని, ఆ జారిన పసుపునే వేలితో మళ్ళీ దగ్గరికి తీసి గుండ్రంగా చేసి, దాని మధ్యలో కుంకం అద్దింది.